జంట దారం

మొన్నమొన్నటి దాకా పొద్దున్న లేవగానే నేను మొదట చేసే పని పొయ్యి వెలిగించడం కాదు, సూదులకి దారం ఎక్కించడం. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. వంటింటి కిటికీ కర్టెన్ అంచుకి ఎడమ వైపున ఖాళీ సూదులు గుచ్చి ఉండేవి, నిన్న అమ్మమ్మ వాడేసినవి. వాటిని ఒక్కొక్కటే తీసి వెలుగుకి పట్టుకుని, దారం ఎక్కించి, కుడి వైపున గుచ్చేదాన్ని. అమ్మమ్మ లేచి వచ్చి ఆ కుడి అంచుని వేళ్లతో ఒకసారి తడిమి చూసుకునేది. "ఆఁ, ఇవాళ్టికి గడిచింది" అనేది. ఆ తర్వాతే పొయ్యి.

మా ఆయన బస్సు డ్రైవరు. తెల్లారకముందే డ్యూటీకి పోవాలి. పెళ్లయిన కొత్తలో, "ఈ ఇంట్లో సూది దారం తాగితే గాని మనిషికి టీ దొరకదా?" అని గొణిగేవాడు. దానికి జవాబు నేను చెప్పేదాన్ని కాదు, అమ్మమ్మే చెప్పేది. "దొరకదు బాబూ. టీ తాగితే గంటలో దిగిపోతుంది. గుండీ కుడితే చొక్కా చిరిగేదాకా ఉంటుంది." ఒకసారి నాకు జ్వరం వస్తే ఆయనే కళ్లజోడు పెట్టుకుని సూదులతో కుస్తీ పట్టాడు. అంత బస్సునీ ఇరుకు సందులో వెనక్కి తిప్పగలిగే మనిషి, సూది బెజ్జంలో దారం దూర్చలేక చెమటలు కక్కాడు. అమ్మమ్మ పక్కనే కూర్చుని, "ఇంకొంచెం ఎడమకి, ఇంకొంచెం... ఆఁ, గుద్దేశావు" అని కండక్టరు పని చేసింది.

ఇప్పుడు లేచి తిన్నగా పొయ్యి దగ్గరికే వెళుతున్నాను. టీ తొందరగా అయిపోతోంది. మా ఆయన తాగేసి, ఇంకా టైముందే అని గడియారం వంక చూస్తూ కూర్చుంటున్నాడు. అమ్మమ్మ కిందటి నెల పోయింది.

మేం ముగ్గురం. నేను పెద్దదాన్ని, నా తర్వాత చెల్లి, ఆఖరివాడు తమ్ముడు. అమ్మ జబ్బు చేసి పోయేనాటికి తమ్ముడికి పాలపళ్లు కూడా ఊడలేదు. నాన్న లారీ మీద వెళ్లేవాడు. వెళ్లి వస్తూ, వెళ్లి వస్తూ, ఒకసారి వెళ్లినవాడు ఇంకో ఊళ్లో ఇంకో సంసారం పెట్టుకుని అక్కడే ఉండిపోయాడు. అమ్మమ్మ ఆయన్ని తిట్టగా నేను వినలేదు. "లారీ మనిషి కదా, బ్రేకులు పడలేదు" అని ఊరుకునేది.

ముగ్గురు పిల్లలు ఒళ్లో వచ్చి పడేనాటికి ఆవిడ జుట్టు పూర్తిగా తెల్లబడింది, దగ్గర చూపు పోయింది. ఉండేది టైలరు షాపు మీద ఒక గది. బయటి నుంచి ఇనప మెట్లు. కింద మిషను తిరిగితే పైన మా గచ్చు జిల్లుమనేది, గ్లాసులో నీళ్లు వణికేవి. మిషను మీద కుట్టడం అయిపోయిన బట్టలు మెట్లెక్కి అమ్మమ్మ దగ్గరికి వచ్చేవి. కాజాలు తియ్యడం, గుండీలు, హుక్కులు, అంచులు మడిచి కుట్టడం, అంటే చేతి పని అంతా ఆవిడదే. వీధి వీధంతా ఆవిణ్ణి గుండీలమ్మ అనేది.

టైలరు మాస్టరు మంచివాడే గాని నోరు ఊరుకోదు. మెట్ల కింద నిలబడి అరిచేవాడు. "గుండీలమ్మా! నీ గుండీ ఎంత గట్టిగా ఉంటుందంటే, చొక్కా చిరిగిపోయినా గుండీ ఊడదు. జనం వచ్చి నా గుడ్డ బాగాలేదంటున్నారు!"

"అయితే మంచి గుడ్డ తెచ్చుకో నాయనా" అని పైనుంచి జవాబు వచ్చేది.

షాపులో మిగిలిన ముక్కలే మా బట్టలు. తానులో ముక్కలన్నీ ఒకటే అని మనుషుల్ని అంటుంటారు గాని, మేం నిజంగానే ఒక తాను ముక్కల్లో తిరిగాం. నా గౌనూ, చెల్లి గౌనూ, తమ్ముడి చొక్కా ఎప్పుడూ ఒకే గుడ్డ. ఒక ఏడాది ముగ్గురం ఎవరింటి కిటికీ తెరలకో తెచ్చిన పెద్ద పెద్ద పూల గుడ్డలో బడికి వెళ్లాం. "సర్కస్ కంపెనీ బయల్దేరింది రోయ్" అని ఎదురింటివాళ్లు నవ్వేవాళ్లు. తమ్ముడు ఏడిస్తే అమ్మమ్మ, "ఏడవకు. తప్పిపోతే వెతకడం సులువు. ఇంకో ఇద్దరు ఇదే గుడ్డలో ఉంటారు కదా" అంది.

గౌను అడుగున లోపలికి మూడు మడతలు పెట్టి కుట్టేది. మేం పొడుగయ్యే కొద్దీ ఒక్కో మడత విప్పేది. మడతలో దాక్కున్న రంగు కొత్తగా, పైన గుడ్డ వెలిసిపోయి ఉండేది. మా గౌనుకి ఎన్ని కొత్త చారలున్నాయో చూసి మా వయసు చెప్పేవాడు టైలరు మాస్టరు.

ఆవిడ పని తీరు కొంచెం చెబితే గాని తర్వాత జరిగింది అర్థం కాదు. అంచులు కుట్టడానికి ఒంటి దారం కావాలి. సన్నగా ఉండాలి, బయటికి కనపడకూడదు. గుండీకీ హుక్కుకీ జంట దారం కావాలి. దాన్ని కొవ్వొత్తి ముక్క మీద నాలుగుసార్లు లాగి మైనం పట్టిస్తే ఇంక తెగమన్నా తెగదు. దారం ఎక్కించేదాన్ని నేనే కాబట్టి ఆవిడ పూర్తిగా అడగక్కర్లేదు. "ఒంటి" అంటే ఒంటి, "జంట" అంటే జంట.

ఇంకోటి, ఒళ్లో పెట్టుకుని కుట్టేవాళ్లకి జీవితంలో ఒక్కసారైనా తప్పని పొరపాటు ఒకటుంది. కుడుతున్న బట్టతో పాటు కింద తన బట్టని కూడా కలిపి కుట్టేసుకోవడం. టైలరు భార్య ఒకసారి ఎవరిదో లంగాని తన చీరకి కలిపి కుట్టేసుకుని, బేరం వచ్చిందని పిలిస్తే అలాగే లేచి వెళ్లింది, లంగా తోకలా వేలాడుతుంటే. అమ్మమ్మ ఆ సంగతి తలుచుకుని తలుచుకుని నవ్వేది. తను మాత్రం చొక్కాల డబ్బా అట్ట ఒకటి ఒళ్లో వేసుకుంటే గాని సూది ముట్టేది కాదు. "ఈ అట్ట ఉన్నంతకాలం ఆ అప్రతిష్ఠ నాకు రాదు" అనేది.

ఇంక మా మేనత్త సంగతి. నాన్నకి అక్క. బస్సులో సగం రోజు ప్రయాణం చేస్తే వచ్చే ఊళ్లో వాళ్లకి ఇనప సామాన్ల కొట్టు ఉంది, మేడ ఉంది, పిల్లలు లేరు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. తన తమ్ముడు చేసిన పనికి సిగ్గుపడి ఏదో ఒక దారి చూపించాలనుకుంది. చెల్లిని తను పెంచుకుంటుంది, మా తమ్ముణ్ణి నాన్న దగ్గరికి పంపించేస్తారు, నేను పెద్దదాన్ని కాబట్టి అమ్మమ్మకి చేతిసాయంగా ఉండిపోతాను. ముగ్గురం మూడు చోట్ల. టైలరు మాస్టరు కూడా, "న్యాయంగానే ఉంది గుండీలమ్మా, నీ ఒంట్లో మాత్రం ఎంత సత్తువుందని" అన్నాడు. అమ్మమ్మ ఔననలేదు, కాదనలేదు. "రానీ, వస్తే మాట్లాడదాం" అంది.

అత్త ఒక మధ్యాహ్నం దిగింది. చేతిలో కొత్త పెట్టె, అందులో చెల్లికి ఎర్ర చెప్పులు. చెల్లి అవి తొడుక్కుని గదిలో టకటకమని తిరిగింది. నిజం చెప్పాలంటే అది అప్పటికే సగం వెళ్లిపోయింది.

"అత్తయ్యగారూ, మీ వయసెంతో చెప్పండి" అని మొదలుపెట్టింది అత్త.

"లెక్క పెట్టలేదమ్మా. దారం రీళ్లడుగు, చెబుతాను."

"నవ్వులాట కాదండీ. రేపు మీకేదన్నా అయితే ఈ ముగ్గురూ ఏమైపోతారు? ఒక్కదాన్నైనా ఒడ్డున పడనివ్వండి."

"ముగ్గురూ పెద్దవాళ్లయ్యేదాకా నేను పోను."

"అది మీ చేతిలో ఉందా?"

"ఎవరి చేతిలో ఉంటే వాళ్లతో తర్వాత మాట్లాడుకుంటాలే. ఇప్పుడు మాత్రం నాకు పోవడానికి తీరిక లేదు."

అత్త నెత్తి కొట్టుకుంది. "మీతో మాటల్లో నేను నెగ్గలేను. బస్సు టైమవుతోంది. పిల్లని పంపించండి."

అప్పుడు అమ్మమ్మ చెల్లి వంక చూసింది. చాలాసేపు చూసింది. చెల్లి చెప్పులు చూసుకుంటోంది.

"పంపిస్తానమ్మా. కానీ అంచు ఊడిన గౌనుతో ఎలా పంపను? ఒక్క నిమిషం, కుట్టేసి ఇస్తాను" అని చెల్లిని లాక్కుని ఒళ్లో కూర్చోపెట్టుకుంది. నా వైపు తిరిగి, "పెద్దదానా, సూది. జంట. మైనం బాగా పట్టించు" అంది.

అంచుకి జంట ఎందుకా అనిపించింది. అడగలేదు. పని మీద ఉన్నప్పుడు అడ్డుప్రశ్న వేస్తే కొలతల టేపుతో ఒకటి వేసేది. కొవ్వొత్తి మీద దారం లాగి ఇచ్చాను.

అమ్మమ్మ కుడుతూ కబుర్లు పెట్టింది. మీ ఆయన కొట్టు ఎలా ఉంది, మీ మేడ మీద గాలి వస్తుందా, బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందా. చూపు అత్త మీద, చెయ్యి గౌను మీద. ఏమీ చూడకుండా టకటకా కుట్టుకుపోతోంది. కుట్టింది, దారం కొరికింది, చెల్లి వీపు తట్టింది. "ఊఁ, లే."

అత్త చెల్లి చెయ్యి పట్టుకుంది. "పద తల్లీ." చెల్లి లేవబోయి మళ్లీ చతికిలపడింది. అత్త గట్టిగా లాగింది. చెల్లితో పాటు అమ్మమ్మ చీర కూడా లేచింది, మోకాళ్ల దాకా.

"అమ్మమ్మ దీనికి అతుక్కుపోయింది!" అని తమ్ముడు కేక పెట్టాడు.

అమ్మమ్మ కిందికి చూసుకుని బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో నా మతి మండ! కలిపి కుట్టేసుకున్నానే!"

అత్త మొహం ముందు ఎర్రబడింది. తర్వాత నవ్వాగలేదు. కొత్త పెట్టె మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. మా ఇంట్లో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. కళ్లు తుడుచుకుని, "ఇటివ్వండి ఆ కత్తెర, కత్తిరించేస్తాను" అంది.

"కత్తెరా! ఇది ఉల్లిపొర లాంటి గుడ్డ. కత్తెర పెడితే చిల్లులే. చిల్లుల గౌనుతో పిల్లని సాగనంపిందని నలుగురూ నా మొహాన ఉమ్మరూ?"

"అయితే గౌను విప్పేసి ఇంకోటి తొడగండి."

"ఇంకోటా? అదిగో."

కిటికీ అవతల తీగ మీద చెల్లి రెండో గౌను నీళ్లు కారుతూ వేలాడుతోంది.

అత్త ఆ గౌను వంకా, గడియారం వంకా చూసింది. "సరే, సాయంత్రం ఇంకో బస్సుంది. పొద్దుపోయినా ఫరవాలేదు. జరగండి" అని కొంగలా మెడ వంచి కూర్చుంది. కర్టెన్‌కున్న సూది ఒకటి లాక్కుంది. కుట్టు ఆ చివరి నుంచి తను, ఈ చివరి నుంచి అమ్మమ్మ, ఒక్కో పోగూ సూది మొనతో లేపి విప్పడం మొదలుపెట్టారు. చీమ తలకాయంత కుట్లు. రెండు తలలూ దగ్గర దగ్గరగా ఆనుకున్నాయి. మధ్యలో చెల్లి, కాళ్లకి ఎర్ర చెప్పులతోనే, నిద్రపోయింది.

తమ్ముడికి అన్నం తిన్నాక చెల్లి పొట్ట మీద తల పెట్టుకుని పడుకోవడం అలవాటు. రోజూ లాగే వచ్చి, అత్త చెయ్యి పక్కకి నెట్టి, తల పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని ఎవరితోనూ కాకుండా, "రేపట్నుంచి ఎక్కడ పడుకోవాలో" అన్నాడు.

అత్త సూది ఆగింది.

అమ్మమ్మ తలెత్తకుండానే మాట్లాడింది. "నీకు పిల్ల కావాలమ్మా. నాకు తెలీదా? తప్పేం లేదు. కానీ దీన్ని పట్టుకుపోతే నీకు దొరికేది మూడో వంతు పిల్ల. మిగతాదంతా ఇక్కడే ఉండిపోతుంది. అదేదో నువ్వే రా. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు రా, సెలవులకి వచ్చి ఉండు. ముగ్గురికి ముగ్గురూ నీవాళ్లవుతారు."

కింద మిషను ఆగింది, మళ్లీ తిరిగింది. అత్త ముక్కు చీదుకుని, "ఇది విప్పేసరికి ఆ బస్సు కూడా పోతుంది" అంది.

"పోతే పోనీ. బస్సులకేం కరువు."

"మాటకారులండీ మీరు" అని అత్త తన సూదిని మళ్లీ కర్టెన్‌కి గుచ్చేసింది. "మిగతాది మీరే విప్పుకోండి. నాకు మెడ పట్టేసింది."

మర్నాడు పెట్టె పట్టుకుని ఒక్కతే వెళ్లింది. చెప్పులు ఉండిపోయాయి. ఆ తర్వాత ఆవిడ ఎప్పుడొచ్చినా మూడు జతలు తెచ్చేది, కొలతలు మాత్రం ఎప్పుడూ తప్పే. నా పెళ్లిలో అందరికంటే ఎక్కువ కేకలు పెట్టిందీ, ఎక్కువ ఏడ్చిందీ ఆవిడే.

అమ్మమ్మ అన్న మాట నిలబెట్టుకుంది. మేం పెద్దవాళ్లయ్యేదాకా పోలేదు. ఏడో తరగతి తప్పి నేను ఇంటిపట్టున ఉండిపోతే, "సరే, చదువు నీకు వద్దంది. వంటయినా నీతో మర్యాదగా ఉంటుందేమో చూద్దాం" అని నేర్పింది. చెల్లి నర్సు అయింది. తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తాడు, పైకీ కిందికీ తిరగడమే వాడి ఉద్యోగం. వాడి పెళ్లి రోజున అత్త అమ్మమ్మ పక్కన కూర్చుని, "ఏమండీ అత్తయ్యగారూ, ఇప్పుడు తీరిక దొరికినట్టేనా?" అంది. అమ్మమ్మ కొత్త పెళ్లికొడుకు చొక్కా వంక చూపించి, "పై గుండీ వదులుగా ఉంది. ఇంకా ఎక్కడ తీరిక?" అంది. నా పెళ్లవగానే మా ఇంటికి వచ్చేసిన అమ్మమ్మ, కళ్లు పూర్తిగా మసకేసినా, వేళ్లతో తడుముకుంటూ ఇరుగుపొరుగు బట్టలకి గుండీలు కుట్టేది. పోయేముందు రోజు కూడా మా ఆయన యూనిఫారానికి రెండు గుండీలు కుట్టింది. అవి ఊడవు, ఆయనకీ తెలుసు. ఆ చొక్కా వేసుకున్న రోజు డ్యూటీకి వెళ్లేముందు వాటిని ఒకసారి ముట్టుకుంటాడు. నేను చూడనట్టు ఉంటాను.

అమ్మమ్మ పోయి అన్నీ అయ్యాక చెల్లి కొన్నాళ్లు నా దగ్గర ఉంది. ఒకరోజు వంటింట్లో గిన్నెలు తుడుస్తూ తన కూతురికి ఆ గౌను కథ చెబుతోంది. మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన కథే. ఎప్పుడూ ముగించినట్టే ముగించింది. "మా అమ్మమ్మ జన్మలో చేసిన ఒకే ఒక్క పొరపాటు. ఆ పొరపాటు వల్లే నేనిక్కడ మిగిలాను. లేకపోతే ఎక్కడో ఇనప కొట్టులో మేకులు తూస్తుండేదాన్ని."

నవ్వుతూనే అంది. కానీ పిల్ల ఆటకి వెళ్లిపోయాక, తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తూ, "ఒక్కోసారి అనిపిస్తుంది అక్కా. నిజంగా పంపించేసేదేనేమో. సూది పక్కకి పోయింది కాబట్టి ఉన్నాను గాని" అంది.

ఇన్నేళ్లూ అది మనసులో పెట్టుకుని తిరిగిందని నాకు తెలీదు. అమ్మమ్మ ఎప్పుడూ పొరపాటే అని చెప్పేది కాబట్టి, ఆవిడ మాట మీద నేను మాట్లాడలేదు. ఇప్పుడు ఆవిడ లేదు. నేను మాట్లాడచ్చు.

"ఒసేయ్" అన్నాను. "అంచుకి ఏ దారం వాడతారు?"

"ఒంటి."

"ఆ రోజు నన్ను అడిగింది జంట. మైనం పట్టించి ఇమ్మంది. ఎక్కించింది నేనే."

గిన్నె తుడవడం ఆగిపోయింది. చెల్లికి కుట్టు రాకపోవడమేంటి, ముగ్గురం ఆ ఒళ్లోనే పెరిగాం. కాసేపు ఆలోచించి, నెమ్మదిగా అడిగింది. "అట్ట?"

"గోడకి ఆనించి ఉంది."

"తీగ మీద గౌను?"

"అత్త దిగేముందే ఉతికింది. ఉతికే రోజు కాదు."

చెల్లి గచ్చు మీద కూలబడింది. "ముసల్దానా!" అంది కర్టెన్ వంక చూస్తూ. "అందరి ముందూ, అంత అప్రతిష్ఠ నెత్తిన వేసుకుని!" నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. మా ఇద్దరికీ చాలాసేపు లేవబుద్ధి కాలేదు.

వెళ్లేరోజున మొహం కడుక్కుని మళ్లీ నర్సు అయిపోయింది. ఇల్లంతా ఒకసారి చూసి, "ఆ సూదులు తీసి డబ్బాలో పెట్టవే అక్కా, పిల్లలు తిరిగే ఇల్లు. కర్టెన్ కూడా ఎంత మాసిందో చూడు" అంది. "చూస్తాలే" అన్నాను.

ఈ వారం అన్నీ ఉతికాను. దుప్పట్లు, తలగడ గలీబులు, అమ్మమ్మ బట్టలు, ముందు గది తెరలు. వంటింటి కర్టెన్ ఒక్కటే దింపలేదు. దాని ఎడమ అంచు ఖాళీగా ఉంది. కుడి అంచున అమ్మమ్మ పోయిన రోజు పొద్దున నేను దారం ఎక్కించిన సూదులున్నాయి, ఒంటివి కొన్ని, జంటవి కొన్ని. వాటిని ఎవరూ తడిమి చూసుకోలేదు.

"అది ఉతకవా?" అన్నాడు మా ఆయన టీ తాగుతూ.

"ఉతకను" అన్నాను. "పిల్లలకి అందదులే."